ముప్పై రూపాయల మాత్రలు, వెయ్యి రూపాయల ప్రయాణం



మన ఆసుపత్రి ఓ.పి. వరండాలో ఉదయం తొమ్మిది గంటలకు బల్లల మీద కూర్చున్న వారిని "ఇంటి దగ్గర ఎప్పుడు బయలుదేరారు?" అని అడిగి చూడండి. తెల్లవారుజామున నాలుగింటికి అని కొందరు చెబుతారు. కొండ గ్రామాల నుండి వచ్చినవారైతే నిన్న సాయంత్రమే దిగి, చుట్టాల ఇంట్లో పడుకుని వచ్చామంటారు. వీరిలో చాలామంది కొత్త జబ్బుతో వచ్చినవారు కారు. బి.పి., షుగరు, మూర్ఛ, ఉబ్బసం వంటి పాత జబ్బులకు వాడుతున్న మాత్రలనే మళ్లీ రాయించుకోవడానికి వచ్చినవారు. డాక్టరు గారి గదిలో వారు గడిపేది ఐదారు నిమిషాలు. ఆ ఐదారు నిమిషాల కోసం ఒక రోజంతా పోతుంది.

వచ్చినవారి గురించి మాకు దిగులు లేదు. రావడం మానేసినవారి గురించే దిగులు. ఒక సహోదరుని ఓ.పి. చీటీ మాకు ఇప్పటికీ గుర్తుంది. దాని మీద మూడు నెలలు వరుసగా బి.పి. అంకెలు ఉన్నాయి, నాలుగో నెల నుండి ఏమీ లేదు. తరువాత ఆయనను మంచం మీద పడుకోబెట్టి ట్రాక్టరులో తీసుకొని వచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట లేదు. మాత్రలు ఎందుకు ఆపారని అడిగితే ఆయన భార్య చెప్పిన జవాబు ఇది: "ఆపాలని ఆపలేదండి. అయిపోయాయి. ఈ వారం కాదు వచ్చే వారం వెళ్దాం అనుకుంటూ ఉన్నాం. మిరపకోతలు."

ఆమెను తప్పు పట్టడానికి మాకు నోరు రాలేదు. ఆమె వేసుకున్న లెక్కను మేము కూడా వేసి చూశాము.

ఒక కుటుంబం లెక్క

ఆసుపత్రికి 70 కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు అనుకుందాం. భర్తకు బి.పి. ఉంది, భార్య తోడు వస్తుంది. ఊరి నుండి బస్సు ఆగే రోడ్డు దాకా ఆటోలో మనిషికి 40 రూపాయలు, ఇద్దరికీ రానుపోను 160. బస్సుకు ఆయన ఒక్కడికి రానుపోను 180. ఆమెకు టికెట్టు ఖర్చు లేదు, ఎందుకంటే ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మొదలైంది. టిఫిను, టీ, మధ్యాహ్న భోజనం కలిపి 150. ఇక పోయిన కూలి. 2024-25లో మన రెండు రాష్ట్రాల్లోను ఉపాధి హామీ పని రోజు కూలి 300 రూపాయలు. ఆ లెక్కనే వేసుకున్నా ఇద్దరికి 600. అంతా కూడితే 1,090 రూపాయలు.

ఇంత ఖర్చు పెట్టి వారు తీసుకొని వెళ్లేది ఏమిటి? బి.పి.కి సాధారణంగా రాసే ఆమ్లోడిపిన్ మాత్ర జన్ ఔషధి దుకాణంలో రూపాయి లోపే దొరుకుతుంది. రోజుకు ఒకటి చొప్పున నెలకు 30 రూపాయలు కూడా కాదు. 30 రూపాయల మందు కోసం 1,090 రూపాయల ప్రయాణం. ప్రతి నెలా వస్తే సంవత్సరానికి 13,080 రూపాయలు.

ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి మేము వేసుకున్నవి. మీ ఊరి ఆటో ఛార్జీ, మీ కూలి రేటు వేసుకుని మీ ఇంటి లెక్క మీరే చూసుకోండి. మిరపకోతల కాలంలో కూలి ఇంతకంటే ఎక్కువే ఉంటుంది, కనుక పోయేది కూడా ఎక్కువే. దేశం మొత్తం మీద వైద్యానికి ఖర్చయ్యే ప్రతి 100 రూపాయల్లో కుటుంబాలు తమ జేబులో నుండి పెట్టుకునేది 2013-14లో 64 రూపాయలు ఉండగా 2021-22 నాటికి 39 రూపాయలకు తగ్గిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. సంతోషమే. అయితే పోగొట్టుకున్న కూలి ఆ లెక్కల్లోకి రాదు. అది మన ఇంటి లెక్కలోనే ఉంటుంది.

అందుకే చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు: ఫోనులోనో, వీడియోలోనో డాక్టరు గారు చూస్తే సరిపోదా? ఈ ఖర్చంతా తప్పుతుంది కదా? జవాబు "తప్పుతుంది, కానీ అన్నిసార్లూ కాదు, ఊరికే కూడా కాదు" అని. కాస్త వివరంగా చెబుతాము.

పెడల్ తొక్కి మాట్లాడిన రోజులు

దూరం నుండి వైద్యం చెప్పడమన్నది సెల్‌ఫోను వచ్చాక పుట్టిన ఆలోచన కాదు. పైగా దాని వెనుక ఒక పాదిరి గారు ఉన్నారు.

1917లో ఆస్ట్రేలియా వాయవ్య ప్రాంతంలోని హాల్స్ క్రీక్ అనే మారుమూల ఊరికి జిమ్మీ డార్సీ అనే పశువుల కాపరిని గుర్రం మీద నుండి పడి తీవ్రంగా దెబ్బ తగిలిన స్థితిలో తీసుకొని వచ్చారు. ఊళ్లో డాక్టరు లేడు. పోస్టుమాస్టరు టకెట్‌కు ప్రథమ చికిత్స మాత్రం తెలుసు. ఆయన రెండు వేల కిలోమీటర్లకు పైబడిన దూరంలో పెర్త్ నగరంలో ఉన్న డాక్టర్ హాలండ్‌కు టెలిగ్రాఫు తీగ మీద కబురు పెట్టాడు. ఆపరేషన్ చేయక తప్పదని డాక్టరు చెప్పాడు. అక్కడ డాక్టరు ఒక్కొక్క మాట చెబుతుంటే టెలిగ్రాఫులో టకటకమని వస్తున్న ఆ మాటలను అనుసరించి పోస్టుమాస్టరు చిన్న చేతికత్తితో ఆపరేషన్ చేశాడు. తరువాత డాక్టరు గారు కూడా బయలుదేరి ఓడలో, కారులో, చివరకు కాలినడకన రోజుల తరబడి ప్రయాణించి హాల్స్ క్రీక్ చేరాడు. అప్పటికి డార్సీ చనిపోయి ఒక రోజైంది. ఆపరేషన్ బాగానే జరిగింది. ప్రాణం తీసింది ఎవరూ గుర్తించని మలేరియా.

ఈ సంగతి మేము చెప్పడానికి ఒక కారణం ఉంది. దూరం నుండి మాటతో ఏమి చేయవచ్చో, ఏమి చేయలేమో రెండూ ఈ ఒక్క కథలో ఉన్నాయి. మాట తీగ మీద చేరింది, దానిని అందుకోవడానికి అక్కడ ఒక చెయ్యి ఉంది. కానీ జ్వరాన్ని పరీక్షించే కన్ను లేదు.

ఆ దేశపు ప్రెస్బిటేరియన్ సంఘం వారి ఇన్‌లాండ్ మిషనుకు అప్పట్లో రెవరెండ్ జాన్ ఫ్లిన్ గారు నాయకులు. విమానాల్లో డాక్టర్లను పంపితే ఎలా ఉంటుందో వివరిస్తూ, ఏ విమానం ఎంత వేగంతో వెళ్తుందో, ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టి క్లిఫర్డ్ పీల్ అనే యువకుడు అదే సంవత్సరం ఆయనకు ఉత్తరం రాశాడు. పీల్ వైద్య విద్యార్థి, యుద్ధానికి బయలుదేరిన విమాన చోదకుడు. ఫ్లిన్ గారు ఆ ఉత్తరాన్ని మిషను పత్రికలో అచ్చు వేశారు. (మన పత్రిక లాంటిదే. ఉత్తరాలు రాయడం మానవద్దని మా మనవి.) పీల్ 1918లో యుద్ధంలోనే మరణించాడు. ఆయన ఊహించిన విమానం 1928 మే 17న క్లాన్‌కరీ అనే ఊరి నుండి డాక్టరుతో మొదటిసారి ఎగిరింది. మొదటి సంవత్సరంలో 50 సార్లు ఎగిరి 225 మంది రోగులకు వైద్యం అందించారు.

అయితే డాక్టరును పిలవడం ఎలా? ఎడారిలో ఫోను లేదు, కరెంటు లేదు. బ్యాటరీలు బరువు, ఖర్చు. ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అనే ఇంజనీరు 1929లో ఒక చిన్న రేడియోకు సైకిలు పెడల్ లాంటిది అమర్చాడు. కాళ్లతో తొక్కితే కరెంటు పుడుతుంది, చేతులు ఖాళీగా ఉంటాయి. దానితో ఎక్కడో ఉన్న పశువుల క్షేత్రంలోని ఇల్లాలు డాక్టరుతో మాటా మంతీ జరపగలిగింది. 1942 నుండి అలాంటి ఇళ్లకు మందుల పెట్టెలు ఇచ్చారు. పెట్టెలోని ప్రతి మందు మీద ఒక నంబరు. డాక్టరు రేడియోలో "ఫలానా నంబరు మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని చెబితే చాలు, మందు పేరు పలకడం రాకపోయినా పరవాలేదు.

విమానం ఫొటోలు అందరూ చూస్తారు. మా ఉద్దేశంలో మాత్రం ఆ సేవలో పెట్టిన ప్రతి పైసాకు ఎక్కువ ఫలితం ఇచ్చినవి పెడల్ రేడియో, నంబర్ల మందుల పెట్టె. విమానం కదలకుండానే ఎన్నో చిన్న జబ్బులకు ఆ రెండూ దారి చూపాయి. మాట ఒక్కటే పోలేదు, మందు ముందే అక్కడ ఉంది.

కపెర్నహూములో శతాధిపతి దాసుని మన ప్రభువు ఇంటికి వెళ్లకుండానే మాటతో బాగుచేసిన సంగతి మీకు తెలుసు. మా డాక్టర్ల మాటలో ఆ శక్తి లేదు. అందుకే మా మాట వెళ్లిన చోట బి.పి. చూసే ఒక చెయ్యి, మందుల పెట్టె ఒకటి ఉండాలి.

యంత్రాల మీద డబ్బు పోసిన కాలం

మన రాష్ట్రంలో ఈ పని పెద్ద ఎత్తున వార్తల్లోకి ఎక్కింది 2000 మార్చి 24న. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వారి ఆసుపత్రిని ఉపగ్రహం ద్వారా నగరంలోని డాక్టర్లతో కలిపే ఏర్పాటును అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆరంభించారు. ఇస్రో కూడా ఆ తరువాతి సంవత్సరాల్లో దేశంలోని అనేక ఆసుపత్రులను ఉపగ్రహంతో కలిపింది. అప్పట్లో పైన గొడుగు లాంటి యాంటెన్నా, లోపల కెమెరా, కంప్యూటరు, వాటిని నడపడానికి ఒక మనిషి, అన్నీ ఖర్చే.

అవి చవక అవుతాయా అని అప్పుడే కొందరు వెతికి చూశారు. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశీలనలో దూరవైద్యం ఖర్చుల గురించిన 600కు పైగా వ్యాసాలను జల్లెడ పట్టారు. నిజమైన ఖర్చుల లెక్కలు ఉన్నవి 55 మాత్రమే. వాటిలో సరైన పద్ధతిలో చేసినవి 24. దూరవైద్యం చవక అని చెప్పడానికి మంచి ఆధారం దొరకలేదని తేల్చారు. 2013లో ఇంగ్లాండు నుండి మరో లెక్క వచ్చింది. గుండె బలహీనత, ఊపిరితిత్తుల జబ్బు, షుగరు ఉన్నవారికి మామూలుగా అందే వైద్యానికి అదనంగా ఇంట్లో యంత్రాలు పెట్టి, అంకెలు ఆసుపత్రికి పంపే ఏర్పాటు చేసి చూశారు. ఒక మనిషికి ఒక సంవత్సరం పూర్తి ఆరోగ్యం ఇచ్చినంత మేలు కలగాలంటే 92,000 పౌండ్లు ఖర్చవుతుందని తేలింది. ఆ దేశంలో ఒక చికిత్సకు అంత మేలుకు 20,000 నుండి 30,000 పౌండ్ల దాకా ఖర్చయితేనే తగినదిగా ఎంచుతారు.

అంటే పనికిరాదనా? కాదు. మాకు అర్థమైనది ఇది. ఇంగ్లాండులో డాక్టరు దగ్గరలోనే ఉన్నాడు, నర్సు ఇంటికి వస్తుంది, మందు వీధి చివర దొరుకుతుంది. వాటన్నిటి పైన ఇంకొక యంత్రం పెడితే అది అదనపు ఖర్చే. అదే యంత్రం 70 కిలోమీటర్ల ప్రయాణానికి బదులుగా వస్తే లెక్క మారిపోతుంది. దూరం ఎక్కువ ఉన్నచోటే దూరవైద్యం చవక. ఆసుపత్రి గేటు ఎదురుగా ఇల్లు ఉన్న వారు కూడా వీడియో కాల్ కావాలని అడుగుతున్నారు, వారికి మాత్రం నడిచి రమ్మనే చెబుతున్నాము, నడక బి.పి.కి కూడా మంచిది!

ఇక యంత్రాల ధర. 2016 తరువాత మొబైల్ డేటా బాగా చవక అయింది, ఆ యాంటెన్నా చేసిన పని ఇప్పుడు సెల్‌ఫోను చేస్తోంది. 2019 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-సంజీవని అనే ఉచిత సేవను ఆరంభించింది. 2020లో కరోనా కాలంలో ఇంటి నుండే డాక్టరుతో మాట్లాడే ఏర్పాటు కూడా చేర్చారు. 2023 ఫిబ్రవరి నాటికి 10 కోట్ల సంప్రదింపులు దాటాయి. వాటిని ఎక్కువగా వాడుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంది. మీ ఊరి హెల్త్ క్లినిక్‌కు, తెలంగాణలో పల్లె దవాఖానాకు వెళితే అక్కడి సిబ్బంది బి.పి. చూసి, మీ పక్కనే కూర్చుని, వీడియోలో డాక్టరుతో మాట్లాడించే వీలుంది. ఇది మన ఆసుపత్రి సేవ కాదు. అయినా చెబుతున్నాము, ఎందుకంటే దగ్గరలో ఉన్న మంచి సేవను వదిలి మా దగ్గరకు 70 కిలోమీటర్లు రమ్మనడం న్యాయం కాదు.

మనుషుల మీద డబ్బు పెట్టిన చోట మంచి ఫలితం వచ్చిందనడానికి హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఒక సాక్ష్యం. ఆ సంస్థ గ్రామాల్లో విజన్ సెంటర్లు నడుపుతోంది. ఒక్కొక్కటి సుమారు 50,000 జనాభాకు. అక్కడ కూర్చునేది డాక్టరు కాదు, శిక్షణ పొందిన విజన్ టెక్నీషియన్, తరచుగా ఆ ప్రాంతపు పిల్లలే. చూపు పరీక్షించి అద్దాలు అక్కడే ఇస్తారు. అనుమానం ఉన్న కన్ను మాత్రమే పై డాక్టరు వరకు వెళ్తుంది. ఎక్కువమంది పని ఊళ్లోనే తీరిపోతుంది గనుకనే అది నిలబడింది.

మా పొరపాటు కూడా చెప్పాలి

మాకు కూడా ఒకసారి ఒక దాత మంచి మనసుతో కెమెరా, పెద్ద తెర కానుకగా ఇచ్చారు. ప్రార్థన చేసి ప్రారంభించాము, ఫొటోలు దిగాము. ఆ గదిలో ఏ రోజు ఎవరు కూర్చోవాలో, అవతల ఊళ్లో ఎవరు కూర్చోవాలో మాత్రం రాసుకోలేదు. డాక్టరు గారు ఖాళీగా ఉన్నప్పుడు అవతల ఎవరూ లేరు. అవతల రోగులు వచ్చినప్పుడు డాక్టరు గారు ఆపరేషన్ థియేటరులో ఉన్నారు. కొన్ని నెలలకు తెర మీద గుడ్డ కప్పాము. క్రిస్మస్ కార్యక్రమానికి పిల్లలకు సినిమా వేయడానికి తీసినప్పుడు గాని ఆ గుడ్డ మళ్లీ తీయలేదు.

ఆ తరువాతే కాగితం, పెన్ను పట్టుకుని ఖర్చు లెక్క వేశాము. మళ్లీ ఉదాహరణ అంకెలే ఇస్తున్నాము. ఒక నర్సు ఒక ఊరి చర్చి హాలుకు వెళ్లి ఒక పూట కూర్చోవాలి. ఆమె జీతంలో ఆ పూట భాగం, ఆటో, షుగరు పరీక్ష స్ట్రిప్పులు కలిపి 1,500 రూపాయలు అనుకుందాం. ఇక్కడ డాక్టరు గారి సమయానికి 1,000. మొత్తం 2,500. ఆ రోజు పదిమంది రోగులు వస్తే ఒక్కొక్కరికి 250 రూపాయలు పడింది. ఒక్కొక్క కుటుంబానికి 1,090 రూపాయల ప్రయాణం మిగిలింది. చాలా లాభం. అదే పూట ఇద్దరే వస్తే? ఒక్కొక్కరికి 1,250. వారు ప్రయాణం చేసి వచ్చి ఉంటే అయ్యే దానికంటే ఎక్కువ! ఆ రోజు నర్సును పంపే బదులు ఆ రెండు కుటుంబాలకు ఛార్జీలు, కూలి చేతిలో పెట్టి రమ్మన్నా మాకు తక్కువే అయ్యేది.

మరొక చిక్కు ఉంది. మిగిలిన 1,090 రూపాయలు మీ జేబులో ఉంటాయి, పెట్టిన 2,500 ఆసుపత్రి పుస్తకంలో ఖర్చు కింద కనబడతాయి. లెక్కలు చూసే కమిటీ పెద్దలు ఆసుపత్రి పుస్తకమే చూస్తారు, మీ జేబు చూడరు. అందువలన ఎంత మేలు చేసే పనైనా పుస్తకంలో నష్టంగానే కనబడుతుంది. ఉచితం అన్న మాట వెనుక ఎప్పుడూ ఎవరో ఒకరు కట్టిన డబ్బు ఉంటుంది. మన విషయంలో అది కానుకల డబ్బు, కనుక జాగ్రత్తగా ఖర్చు పెట్టవలసిన డబ్బు.

ఈ లెక్క చూశాక మేము రెండు నిర్ణయాలు తీసుకున్నాము. ఒకటి, ఒక ఊళ్లో కనీసం ఎనిమిది మంది పేర్లు ఇస్తేనే నర్సు వెళ్తుంది. ఎనిమిది మందైతే ఒక్కొక్కరికి 312 రూపాయల చిల్లర పడుతుంది, ఇది మేము మోయగలము. రెండు, నర్సు సంచిలో మాత్రలు కూడా వెళ్తాయి. మాట్లాడి, చీటీ వాట్సాప్‌లో పంపి, మాత్రల కోసం మళ్లీ బస్సు ఎక్కమంటే ఏమి మిగిలినట్టు?

సంవత్సరానికి పన్నెండు సార్లలో తొమ్మిది సార్లు ఊళ్లోనే చూసి, మూడు సార్లు ఆసుపత్రికి రమ్మంటే పైన చెప్పిన కుటుంబానికి 9,810 రూపాయలు మిగులుతాయి. ఆ మూడు సార్లు మాత్రం తప్పనిసరి. ఆ సహోదరులు, సహోదరీలు వచ్చినప్పుడు రక్త పరీక్ష, మూత్ర పరీక్ష, ఈ.సి.జి., షుగరు వారికి కళ్లు, పాదాల పరీక్ష చేస్తాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో ఇదే చెప్పింది: దూరం నుండి చేసే వైద్యం ఎదురుగా చేసే వైద్యానికి తోడుగా ఉండాలి, దాని చోటును ఆక్రమించకూడదు.

ఏది ఫోనులో, ఏది బస్సులో, ఏది అంబులెన్సులో

బి.పి., షుగరు, ఉబ్బసం, మూర్ఛ మందులు కుదిరిన తరువాత నెలనెలా చూపించుకోవడం, ఆపరేషన్ అయ్యాక కుట్లు మానుతున్నాయో లేదో చూడడం, రిపోర్టులు చదివి చెప్పడం, చర్మం మీద మచ్చలు మంచి వెలుతురులో ఫొటో తీసి పంపడం, ఇవి దూరం నుండి చేయదగినవి. దిగులు, నిద్ర పట్టకపోవడం, తాగుడు మానలేకపోవడం వంటి వాటికి మాట్లాడడమే చికిత్సలో సగం. వీటికి 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ టెలి మానస్ సేవ ఉంది. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. మన సంఘాల్లో ఈ మాట బయటకు చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. ఫోనులో ముఖం కనబడదు గనుక కొందరికి అదే మేలు.

కడుపునొప్పి, రొమ్ములో గడ్డ, బరువు తగ్గిపోవడం, రెండు వారాలు దాటిన దగ్గు, మొదటిసారి వచ్చిన మూర్ఛ, వీటికి ఫోను చేసి సమయం పోగొట్టుకోవద్దు, బస్సు ఎక్కండి. చెయ్యి పెట్టి చూడవలసినది చెయ్యి పెట్టే చూడాలి. గర్భిణులు కూడా నెలనెలా స్వయంగా చూపించుకోవాలి. ఇలాంటి జబ్బులకు ముందు ఫోనులో మాట్లాడి, తగ్గక మళ్లీ వస్తే రెండు ఖర్చులు అవుతాయి, జబ్బు కూడా ముదురుతుంది.

ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, ఊపిరి అందకపోవడం, పాము కాటు, గర్భిణికి రక్తస్రావం లేక ఫిట్లు, పసిబిడ్డ పాలు తాగకపోవడం, ఇవి జరిగితే మాకు వీడియో కాల్ చేయవద్దు. 108కి చేయండి. పక్షవాతం వచ్చిన నాలుగున్నర గంటల లోపు తగిన ఆసుపత్రికి చేరితే, స్కాన్ చేసి, గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు కొందరికి ఇవ్వగలుగుతారు. ఆ గంటలు ఫోను పట్టుకుని "సిగ్నలు లేదు, మేడ మీదికి వెళ్లు" అనుకుంటూ పోగొట్టుకున్నవారిని చూశాము.

ఇంకొక మాట. ఫోనులో డాక్టరు గారు అడిగిన మందు రాయలేదని కొందరు కోపం తెచ్చుకుంటున్నారు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ నియమాల ప్రకారం దూరం నుండి ఏ మందు రాయవచ్చో, ఏది రాయకూడదో పరిమితులు ఉన్నాయి. ఇంతకుముందు తనను చూసిన రోగికి అదే జబ్బుకు పాత మందు తిరిగి రాయడం వేరు, ఎప్పుడూ చూడని మనిషికి కొత్త మందు రాయడం వేరు. మత్తు కలిగించే మందులు కొన్ని ఎవరికీ రాయడానికి వీల్లేదు. డాక్టరు గారు "రండి, చూసి చెబుతాను" అంటే అది మీ చేత ఖర్చు పెట్టించాలని కాదు.

మాట్లాడే రోజున పాత చీటీలన్నీ, వాడుతున్న మాత్రల అట్టలతో సహా ఒక సంచిలో పెట్టుకుని రండి. "తెల్ల మాత్ర, చిన్నది" అంటే మాకు తెలియదు, తెల్లగా చిన్నగా ఉండే మాత్రలు ఎన్నో ఉన్నాయి. మాత్రలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకోండి. మధ్యలో మానేసి ఉంటే మానేశామని చెప్పండి, ఎవరూ కోప్పడరు. ఇంట్లో మందులిచ్చే మనిషి, కోడలైనా మనవరాలైనా, పక్కన ఉంటే మంచిది. పెద్దవారికి వినికిడి తక్కువైతే సిస్టరుకు ముందే చెప్పండి.

సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం వారికి ఒక మనవి. మీ ఊళ్లో నెలనెలా మందులు వాడవలసిన వారు ఎవరెవరో మాకంటే మీకు బాగా తెలుసు. మన సంఘం వారే కానక్కర్లేదు, పక్క వీధి వారు, ఏ మతం వారైనా సరే. ఆరాధన తరువాత ఒక కాగితం మీద పేరు, వయసు, జబ్బు, మాత్రలు ఎప్పటికి అయిపోతాయో రాసుకుని పాస్టరు గారి ద్వారా మా ఓ.పి. కౌంటరుకు పంపండి. ఎనిమిది పేర్లు కాగానే రోజు చెబుతాము. ఏడుగురే ఉంటే పక్క ఊరితో కలిపి చూస్తాము. మాత్రలు అయిపోయి అప్పటికే వారం దాటిన వారి పేరు కింద మాత్రం ఒక గీత గీయండి. వారికి ఎనిమిది మంది కోసం ఆగము, అదే రోజు ఫోను చేస్తాము.